పావలా ప్రసాదం గారి ఫ్రీ బస్సు

చెరుకుపల్లిలో వరప్రసాదం మాస్టారిల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. పావలా ప్రసాదం ఇల్లు అంటే పసిపిల్లలు కూడా చూపిస్తారు. రేపల్లెలో లెక్కల మాస్టారు, రోజూ బస్సులో వెళ్ళొచ్చే మనిషి. కండక్టరు పావలా చిల్లర ఇవ్వకపోతే, దిగిన తరవాత కూడా కిటికీ ఊచ పట్టుకుని కదిలే బస్సుతో పాటు పది గజాలు నడిచేవాడు. పేరు అలా స్థిరపడింది.

1987 జూన్ నెల సంగతి ఇది. ఆయన భార్య రూతుకి బాపట్లలో కుట్టు టీచరు ట్రైనింగులో సీటొచ్చింది. ఆరు నెలలు చదివి పాసైతే రేపల్లెలో ఆడపిల్లల బడిలో ఉద్యోగం. పదిహేనో తారీకులోగా చేరాలి. పదేళ్ళ కాపురంలో రూతు తనకోసమని నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

మాస్టారికి వద్దనడానికి ధైర్యం చాలలేదు, సరేననడానికి మనసొప్పలేదు. ఆవిడ తెల్లారేసరికి బాపట్ల బస్సెక్కితే తనకి ఇడ్లీ ఎవరు పెడతారు, క్యారేజీ ఎవరు కడతారు? అసలు బాధ అదీ. పైకి చెబితే బాగుండదని నెపం బస్సు మీదికి తోశాడు.

"నేనెందుకొద్దంటానే? చార్జీ వద్దంటోంది. పోనూ రానూ రోజుకి తొమ్మిది రూపాయలు. నా జీతం బస్సుకి రాసివ్వాలి."

"సగం మా అమ్మ ఇస్తానంటోందండీ."

"అత్తగారి డబ్బుతో పెళ్ళాన్ని చదివించాడంటే నా పరువేం కాను?"

"అత్తగారి డబ్బుతో సైకిలు కొనుక్కున్నప్పుడు ఆ పరువు ఊళ్ళో లేదా?" అంది రూతు.

వసారాలో చింతపండు పిక్కలు తీస్తున్న అత్తగారు ఏసమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "అయితే బాబూ, బస్సు ఫ్రీ అయితే పంపిస్తావన్నమాట."

ఇది తేలిగ్గా తప్పించుకునే దారిలా కనిపించింది మాస్టారికి. "నిక్షేపంగా పంపిస్తానత్తయ్యా. ఫ్రీ అయిన మర్నాడే నేనే తీసుకెళ్ళి బస్సెక్కిస్తా. క్యారేజీ కూడా నేనే కడతా."

"విన్నావుగా రూతూ" అంది ఏసమ్మ. రూతు విన్నది. బాగా విన్నది.

ఆ రోజు నుంచీ మాస్టారు ఫ్రీ బస్సుకి ఊళ్ళో ఏకైక ప్రచారకుడైపోయాడు. తను భార్యను ఆపడం లేదు, లోకమే ఆపుతోందని నలుగురికీ తెలియాలి కదా. లక్ష్మయ్య టీ కొట్టు దగ్గర నిలబడి, "రోడ్డు మీద నడిస్తే డబ్బులడుగుతున్నారా? వీధిదీపం కింద నిలబడితే అడుగుతున్నారా? మరి బస్సెక్కితే ఎందుకడగాలి?" అని గర్జించేవాడు.

"టీకి మాత్రం నేనడుగుతానండీ" అనేవాడు లక్ష్మయ్య.

బస్సులోనూ అదే ఉపన్యాసం. బాపట్ల నుంచి చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్ళే ఆ బస్సు పేరు కోటిరత్నం మోటార్ సర్వీసు. కండక్టరు వీరాస్వామి ఓపిగ్గా అంతా విని, "అలాగే మాస్టారూ, డీజిలు మీ ఇంటి బావిలోంచి తోడిస్తారా?" అని టికెట్టు చింపి చేతిలో పెట్టేవాడు.

వీరాస్వామి సంచిలో చిల్లర ఎప్పుడూ ఉండదు. ఇద్దరికి కలిపి ఒక నోటిచ్చి, దిగాక పంచుకోండి అనడం అతని పద్ధతి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆ నోటు కోసం చేయీ చేయీ పట్టుకున్నంత పనిచేసి రేపల్లెలో సోడా కొట్లు వెతుక్కుంటూ తిరిగేవారు. ఆ చలవతో ఒకటి రెండు సంబంధాలు కూడా కుదిరాయని చెప్పుకునేవారు.

ఓ శుక్రవారం మాస్టారికి జత పడింది ఎండుచేపలమ్మే సుందరమ్మ. ఇద్దరూ చెరో అయిదు రూపాయల నోటు ఇచ్చారు. వీరాస్వామి ఒక అయిదు నోటు, ఒక రూపాయి, ఒక పావలా తీసి, "ఇందులో మాస్టారివి మూడు రూపాయలు, అమ్మవి మూడు రూపాయల పావలా. పంచుకోండి" అన్నాడు.

పావలా అన్న మాట చెవిన పడగానే మాస్టారు లేచి నిలబడ్డాడు.

"ఆగవయ్యా. ఈవిడ ఎక్కడెక్కింది?"

"కాలవ వంతెన దగ్గర."

"అది మా ఊరికంటే రెండు మైళ్ళు వెనక. ఎక్కువ దూరం వచ్చినావిడకి రూపాయి ముప్పావలా, తక్కువ దూరం వచ్చిన నాకు రెండు రూపాయలూనా?"

వీరాస్వామి జేబులోంచి మడతలు పడ్డ రేట్ల కాయితం తీసి చూపించాడు. నిజమే. టైపు కొట్టినప్పుడు రెండు స్టాపుల చార్జీలూ తారుమారైపోయాయి. రెండేళ్ళుగా చెరుకుపల్లి వాళ్ళంతా మనిషికి పావలా ఎక్కువ కడుతూనే ఉన్నారు. అందులో మిగతా వాళ్ళ సంగతి ఎలా ఉన్నా, పావలా ప్రసాదం కడుతున్నాడు. పోనూ పావలా, రానూ పావలా.

ఆ రాత్రి మూడు పేజీల ఉత్తరం తయారైంది. రెండేళ్ళ పావలాలూ వెనక్కివ్వాలని, లేకపోతే ప్రజలందరికీ ఫ్రీగా బస్సు నడపాలని. వచ్చే డబ్బుతో టేబుల్ ఫ్యాను కొనాలని కూడా నిర్ణయమైపోయింది. ఒక్కటే చిక్కు. బస్సు యజమాని పున్నారావు మాస్టారి స్కూలు కమిటీలో మెంబరు.

"సంతకం నువ్వు పెట్టు రూతూ. ఆడవాళ్ళు రాస్తే జవాబు తొందరగా వస్తుంది."

"కమిటీకి భయపడుతున్నారా?"

"భయమేంటి, గౌరవం."

రూతు ఉత్తరం తీసుకుంది. ఆవిడే సంతకం పెట్టి, ఆవిడే కవరులో పెట్టి, ఆవిడే పోస్టు చేసింది. భార్య ఇంత చెప్పినమాట వినడం చూసి మాస్టారు ఎంతో ముచ్చటపడ్డాడు.

వారం గడిచింది. మనియార్డరు రాలేదు. ట్రైనింగులో చేరడానికి ఇంకా ఒక్కరోజే ఉంది. పద్నాలుగో తారీకు ఆదివారం, చర్చిలో ఆరాధన ముగిసి జనం బయటికొస్తుంటే రేపల్లె వెళ్ళాల్సిన బస్సు నేరుగా చర్చి ముందుకొచ్చి ఆగింది. ముందు సీట్లోంచి గళ్ళ చీర కట్టుకున్న ఒక పెద్దావిడ దిగి, "ఇక్కడ రూతమ్మ ఎవరమ్మా?" అని అడిగింది.

ఆవిడే పున్నారావు భార్య కోటిరత్నం. బస్సు మీద ఆ పేరు యజమాని ముచ్చటపడి రాయించుకున్నాడని మాస్టారు అనుకున్నాడు. ఆఫీసులో కుర్చీ కూడా ఆవిడదేనని, ఉత్తరాలు విప్పేది ఆవిడేనని సుందరమ్మ ద్వారా రూతు ఎప్పుడో కనుక్కుంది.

"మా కాయితం తప్పేనమ్మా. రేపటి నుంచి చెరుకుపల్లికి రూపాయి ముప్పావలాయే" అంది కోటిరత్నం.

ఆ మాటతో చర్చి ముందు సంత కట్టింది. నా పావలాలంటే నా పావలాలని జనం వీరాస్వామిని చుట్టుముట్టారు. పోయినేడు మద్రాసులో ఉన్నవాడు కూడా చెయ్యి చాపాడు. బస్సులోంచి సుందరమ్మ గంపతో సహా దిగొచ్చి మాస్టారి ముందు నిలబడింది. "ఏంటయ్యా, చిల్లర పంచుకోమంటే నా చార్జీ పెంచుతావా? తారుమారైంది సరిచేస్తే నాకు రెండు రూపాయలవ్వదా?"

మాస్టారికి ఈ లెక్క తట్టనేలేదు. లెక్కల మాస్టారై ఉండి తట్టనందుకు నిజంగానే సిగ్గుపడ్డాడు.

"నీ చార్జీ పెరగదులేమ్మా. తప్పు మాదైతే నువ్వెందుకు కట్టాలి?" అంది కోటిరత్నం. "పాత పావలాలు ఎవరివెన్నో ఆ దేవుడికే తెలియాలి. వచ్చే ఆదివారం చెరుకుపల్లిలో ఎక్కినవాళ్ళెవరికీ టికెట్టు లేదు. సరేనా?"

అందరూ సరేనన్నారు. మద్రాసు వాడు మరీ గట్టిగా అన్నాడు.

తరవాత ఆవిడ సంచిలోంచి ఉత్తరం తీసింది. "మూడు పేజీలు నాకు సగం అర్థం కాలేదమ్మా. కింద వేరే ఇంకుతో నువ్వు రాసిన ముక్క మాత్రం రెండుసార్లు చదివాను." పైకి చదివింది కూడా. "అమ్మా, పైదంతా మా ఆయన రాశారు. ఆయనడిగిన డబ్బు నాకొద్దు. బాపట్లలో ఆరు నెలలు కుట్టు నేర్చుకోవాలి, చార్జీకి ఇబ్బందిగా ఉంది. ఒక పాసు ఇప్పించండి. నేర్చుకున్నాక మీ డ్రైవర్ల, కండక్టర్ల బట్టలు నేనే కుట్టిస్తాను."

మాస్టారి కళ్ళముందు టేబుల్ ఫ్యాను గిర్రున తిరిగి ఆగిపోయింది. నెమ్మదిగా గోడ చాటుకి జరగబోయాడు.

"భయపడకండి మాస్టారూ, మా ఆయనతో చెప్పను. ఆ కాయితం టైపు కొట్టించింది ఆయనే" అని కోటిరత్నం రూతు చేతిలో పాసు పెట్టింది. ఆరు నెలలు, చెరుకుపల్లి నుంచి బాపట్ల, పోనూ రానూ.

రూతు కళ్ళు తుడుచుకుంది. ఏసమ్మ తుడుచుకోలేదు, అల్లుడి వైపు తిరిగింది.

"బాబూ, ఇది ఫ్రీయేనా?"

"ఫ్రీయేనత్తయ్యా" అన్నాడు మాస్టారు నీరసంగా.

"మరి రేపే మర్నాడు."

సోమవారం పొద్దున్నే ఆయనే వంకాయ కూర వండి క్యారేజీ కట్టాడు. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తులేక రెండోసారి వేశాడు కూడా. బాపట్ల బస్సెక్కి రూతుని కిటికీ పక్కన కూర్చోబెట్టి, కాళ్ళ దగ్గర క్యారేజీ సర్ది, జాగ్రత్తలు చెబుతూ ఉండగానే బస్సు కదిలిపోయింది.

"మాస్టారూ, టికెట్టు" అన్నాడు వీరాస్వామి.

"నేను దింపడానికొచ్చానయ్యా."

"అమ్మగారికి పాసుంది. మీకు లేదుగా. కాలవ వంతెన దాకా ముప్పావలా."

మాస్టారు రూపాయి తీసిచ్చాడు. వీరాస్వామి పావలా తీసి రూతు చేతిలో పెట్టి, "ఇద్దరూ పంచుకోండి" అని ముందుకెళ్ళిపోయాడు. రూతు దాన్ని పర్సులో వేసుకుని జిప్పు లాగింది. కిటికీలోంచి గాలికి ఆవిడ మొహం వెలిగిపోతోంది. పదేళ్ళలో ఆ వెలుగు చూసిన గుర్తు మాస్టారికి లేదు. ఆ పావలా అడగాలని ఆయనకి అనిపించలేదు.

వంతెన దగ్గర దిగి రెండు మైళ్ళూ నడిచొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. లక్ష్మయ్య టీ గ్లాసు చేతికిచ్చి నవ్వు ఆపుకుంటూ అడిగాడు. "ఏంటి మాస్టారూ, బస్సులు ఫ్రీ చెయ్యాల్సిందేనంటారా?"

"చెయ్యాల్సిందే" అన్నాడు పావలా ప్రసాదం, బల్ల మీద కూలబడుతూ. "ముందు మొగుళ్ళకి."