గంగాళంలో సముద్రం

ఆ శనివారం ఉదయం ఉమాపతి గారు అనుకున్న పని ఒక్కటే. భార్య ఆండాళ్ళుతో కలిసి ద్వారకా తిరుమల వెళ్ళి, దర్శనం చేసుకుని, భోజనాల వేళకి ఏలూరు పక్కన వట్లూరులో ఇంటికి చేరడం. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా గుమ్మం ముందు చేపల వ్యాన్ ఆగింది. ఆ ఇంటి ముందు చేపల వ్యాన్ ఆగడం అదే మొదటిసారి కాబట్టి వీధిలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. డ్రైవరు ఒక ప్లాస్టిక్ ట్రే దించి, కొల్లేటి చెరువుల్లో పనిచేసే పెద్దింటమ్మ పంపిందని చెప్పి వెళ్ళిపోయాడు. ట్రేలో తడి గోనెపట్టా కింద ఒక తాబేలు ఉంది.

ఉమాపతి గారు రిటైరైన కామర్స్ లెక్చరరు, సాగర జీవ సంరక్షణ సమితి అధ్యక్షులు. ఏలూరికి సముద్రమే లేదు కదా అని ఎవరైనా అంటే, పక్కనే ఉన్నవాళ్ళకి దాని విలువ తెలియదని ఆయన జవాబు. సమితిలో నలుగురం ఉన్నాం. లెక్కలు, తెలుగు, చరిత్ర చెప్పినవాళ్ళు చేరారు. జంతుశాస్త్రం చెప్పినాయన్ని పిలిచాం, రాలేదు. చరిత్ర చెప్పిన నేను సంయుక్త కార్యదర్శిని. మూడేళ్ళలో మేం ఒక్క సముద్ర ప్రాణినీ చూసింది లేదు గానీ, కరపత్రాలు బోలెడు పంచాం. వలలో తాబేలు పడితే మీరు చెయ్యి పెట్టకండి, మాకు అప్పగించండి అని కొల్లేటి ఊళ్ళు తిరిగి చేతులు జోడించి మరీ చెప్పి వచ్చాం.

ఇన్నాళ్ళకి ఫలితం కనపడేసరికి ఉమాపతి గారికి ద్వారకా తిరుమల ప్రయాణం గుర్తులేదు. సముద్రంలోంచి ఉప్పుటేరు మీదుగా దారి తప్పి కొల్లేట్లోకి వచ్చిందని తాబేలుని చూస్తూనే తేల్చేశారు. నేనూ ఔనన్నాను. సాయంత్రం నాలుగింటికి పేరుపాలెం బీచ్‌లో వదులుతున్నామని గ్రూపులో మెసేజి పెట్టారు. గంటలో ఒక కాలేజీ వాళ్ళు నలభై మంది పిల్లలతో బస్సు పంపుతామన్నారు. ఒక చానల్ వాళ్ళు కెమెరా తెస్తామన్నారు. అధ్యక్షుల వారి ఫోటో తాబేలు కంటే పెద్దగా ఉన్న ఫ్లెక్సీ తయారైంది.

అప్పటిదాకా తాబేలుకి తోచాలి కదా. ఆండాళ్ళు గారు పెళ్ళినాటి ఇత్తడి గంగాళం దించి నీళ్ళు నింపారు. సముద్రపు ప్రాణికి మంచినీళ్ళు ఎలా పడతాయని ఉమాపతి గారు రాళ్ళ ఉప్పు తెమ్మన్నారు. బస్తా మోసింది నేనే. నాలుగు దోసిళ్ళు పడగానే తాబేలు ముందుకాళ్ళు అంచుకు తన్ని పైకి ఎగబాకింది.

"ఏవండీ, ఉప్పు పడినప్పుడల్లా బయటికొస్తోందండీ. పడట్లేదేమో చూడండి," అన్నారు ఆండాళ్ళు గారు.

"దానికి సముద్రం గుర్తొచ్చిందే. ఇంకో రెండు దోసిళ్ళు వెయ్యి."

ఈలోగా కూర్మావతారం ఇంటికి నడిచొచ్చిందని వీధిలో మాట పాకింది. ముత్తైదువలు పసుపు, తులసి పట్టుకొచ్చారు. ప్రదక్షిణలు చేసినవాళ్ళంతా తలా చిటికెడు పసుపు గంగాళంలో వేశారు. పదకొండింటికల్లా నీళ్ళు చిక్కగా, పచ్చగా తయారయ్యాయి. తాబేలు గోళ్ళతో ఇత్తడిని గీకుతున్న చప్పుడు వీధిలోకి వినపడుతోంది. అది మంగళవాద్యం లాగే ఉందని నేనే అన్నాను.

ఒంటిగంటకి కాలేజీ బస్సు వచ్చి ఆగింది. దాని వెనకాలే పెద్దింటమ్మ ఆటో దిగింది. ఆమె ట్రే వెనక్కి తీసుకెళ్దామని వచ్చింది. గంగాళంలోకి తొంగిచూసి అలాగే నిలబడిపోయింది.

"ఉప్పూ పసుపూ వేశారేంటండీ?" అంది. "వండే ముందు మేం చేపల్ని ఇలాగే కడుగుతామండీ."

చేప మొహం చూడని ఇల్లు. ముత్తైదువలు పసుపు చేతులు కొంగుల్లో దాచుకున్నారు.

"ఇది మన కొల్లేటి తాబేలండీ. కాళ్ళకి గోళ్ళు చూడండి. సముద్రపుదానికి తెడ్లుంటాయండీ. దీన్ని అక్కడ వదిలితే బతకదండీ."

"మరి మాకెందుకు పంపావమ్మా?" అన్నారు ఉమాపతి గారు నీరసంగా.

"మీరే కదండీ చెయ్యి పెట్టొద్దన్నారు. లేకపోతే వలలోంచి తీసి గట్టవతల వదిలేసేదాన్ని. రెండు నిమిషాల పనండీ."

బస్సు హారన్ కొట్టింది. చానల్ వాళ్ళు పేరుపాలెం బయల్దేరామని ఫోన్ చేశారు. ఫోటో వరకూ కానిచ్చి వెనక్కి తెచ్చేద్దామా అని నేను ఉమాపతి గారి చెవిలో అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన నా వైపు చూడలేదు. గంగాళంలో గీకుడు ఆగిపోయింది, ఆయన దాన్నే చూస్తున్నారు. తాబేలు తల లోపలికి లాక్కుని కదలకుండా ఉంది. ఆయన రెండు చేతులూ పచ్చటి నీళ్ళలో పెట్టి దాన్ని పైకెత్తుకున్నారు. ఇస్త్రీ చొక్కా పసుపుతో తడిసింది.

"ఇది సముద్రపు తాబేలు కాదండీ," అన్నారు వీధి వీధంతా వినేట్టు. "తెలియకపోతే అడగాల్సింది, అడగలేదు. పొద్దున్నించీ దీన్ని ఏడిపించింది నేనే."

ఆయన మీద నాకు అంత గౌరవం అంతకుముందెప్పుడూ కలగలేదు. ఆండాళ్ళు గారు బిందెలతో మంచినీళ్ళు గుమ్మరించి తాబేలుని కడిగారు. ట్రేలో అది మళ్ళీ తల బయటపెట్టాక అందరం ఊపిరి పీల్చుకుని అదే బస్సెక్కాం. సముద్రాన్ని కాపాడండి అన్న అట్టలు పట్టుకుని నలభై మంది పిల్లలు కొల్లేటి గట్టున నిలబడ్డారు. పెద్దింటమ్మ తాబేలుని నీళ్ళలోకి దించింది. అది మా వైపు ఒక్కసారైనా చూడకుండా మునిగిపోయింది. నిజంగానే రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఏడాది చివర నివేదికలో, కాపాడిన ప్రాణులు అన్న చోట ఉమాపతి గారు ఒకటి అని రాశారు. ఎవరి బారి నుంచి అన్న చోట అధ్యక్షుడు, సంయుక్త కార్యదర్శి అని రాసి, సంతకానికి నాకు పంపారు.