లైటు సరిగ్గా పట్టుకో!

ప్రతి ఇంట్లోనూ విప్పిన కారు ఇంజన్ ఒకటి ఉండి తీరాలి!

తొందరపడి పేజీ తిప్పేయకండి. నేను మతి ఉండే మాట్లాడుతున్నాను. ఇంట్లో ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి ఫోన్లో వాళ్ళు మునిగిపోతున్నారని, పిల్లలు కన్నవాళ్ళ దగ్గర కాసేపైనా కూర్చోవడం లేదని రోజూ వాపోయేది మీరే కదా? మందు చెబుతుంటే మొహం చిట్లిస్తారేం? కారు బానెట్ ఎత్తండి. ఇంజన్ బయటికి లాగండి. ముక్క ముక్కా విప్పి ఇల్లంతా పరచండి. ఆ తర్వాత ఎవరి గదిలో వాళ్ళు ఎలా కూర్చుంటారో నేనూ చూస్తాను. కూర్చోడానికి చోటుంటే కదా!

నమ్మకం కుదరకపోతే మా వీధిలో పళ్ళ డాక్టరుగారి సంసారం చూడండి.

డాక్టరుగారికి ఓ పాత కారుంది. నడిచే కారే. కాస్త పొగ వదిలేది, ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త మూలిగేది. ఆ వయసులో ఎవరు మూలగరు? కానీ ఒక ఆదివారం ఆయన ఫోన్లో ఓ వీడియో చూశారు. అందులో ఒకాయన చిరునవ్వుతో ఇంజన్ విప్పి, చిరునవ్వుతో తుడిచి, చిరునవ్వుతో మళ్ళీ బిగించేశాడు. పక్కన ఆయన కొడుకు, వాడూ చిరునవ్వే! ఒంటిమీద మసి చుక్క లేదు. డాక్టరుగారి మనసు వెన్నలా కరిగిపోయింది. భోజనాల దగ్గర ప్రకటించేశారు.

"మన కారు ఇంజన్ నేనూ, బుడ్డీ కలిసి బాగుచేస్తాం. తండ్రీకూతుళ్ళ ప్రాజెక్టు!"

బుడ్డి అంటే వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు పొట్టిగా ఉండేదని పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు తండ్రి భుజం దాటింది, పేరు మాత్రం ఎదగలేదు.

"నిజంగానా నాన్నా? బోల్టులు నేను కూడా బిగించొచ్చా?"

"ఎందుకు బిగించవూ! సగం నీవి, సగం నావి."

డాక్టరుగారి భార్య ఒక స్కూల్లో లైబ్రేరియన్. పగలంతా "ష్... నిశ్శబ్దం" అని చెప్పి చెప్పి, సాయంత్రం ఆ నిశ్శబ్దంలో కాస్త వాటా తనకూ దొరకాలని కోరుకునే మనిషి. 'ఇంట్లో ఇంజనేమిటండీ, వీధి చివర మెకానిక్ చచ్చిపోయాడా' అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కూతురి మొహం చూసి మింగేసింది. ఆ మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్ళయిందో!

ఎందుకంటే ఆవిడకి తెలుసు. డాక్టరుగారు క్లినిక్‌కి వచ్చే పిల్లలందరినీ మెచ్చుకుంటారు. వేలు కొరికినవాణ్ణి కూడా "శభాష్ రా, సింహంలా కూర్చున్నావ్!" అని వీపు తట్టి పంపుతారు. అదే కూతురు లెక్కల్లో తొంభై రెండు తెచ్చుకుంటే "తక్కిన ఎనిమిదీ ఎవరికిచ్చావ్?" అంటారు. ఆ పిల్లకి కావలసింది ఇంజనూ కాదు, కారూ కాదు. నాన్న చేతిలోంచి ఒక్క స్పానర్, నాన్న నోట్లోంచి ఒక్క శభాష్. అంతే.

సరే, ఇంజన్ విప్పారు. ఇక లాభాలు చూడండి!

మొదటి లాభం, పొదుపు. పళ్ళు గీకే పరికరాలతోనే డాక్టరుగారు పిస్టన్ల మీది మసి గీకారు. నోట్లో పెట్టే చిన్న అద్దాన్ని సిలిండర్లో పెట్టి, "అయ్యయ్యో, ఎంత నిర్లక్ష్యం చేశారండీ" అని ఎవరినో మందలించారు. ఆ కారుని ఇన్నేళ్ళూ నడిపింది తానేనన్న సంగతి ఆయనకి ఆ క్షణంలో గుర్తున్నట్టు లేదు. గట్టిగా పట్టేసిన వాల్వు ఒకదాన్ని లాగుతూ, అలవాటు కొద్దీ, "నొప్పిగా ఉంటే చెయ్యెత్తు" అన్నారు. ఇంజన్ చెయ్యెత్తలేదు. పక్కనున్న అమ్మాయి ఎత్తుదామనుకుంది. కానీ చేతిలో టార్చిలైటుందిగా!

రెండో లాభం, వంటింటి విజ్ఞానం. ఇనుము చల్లబడితే ముడుచుకుంటుందని, వేడెక్కితే సాగుతుందని మనం పుస్తకాల్లో చదివి మర్చిపోయాం. ఆ ఇంట్లో మర్చిపోయే వీలే లేదు! పిస్టన్‌లో దూర్చే పిన్నులు ఫ్రీజర్లో ఐస్‌క్రీమ్ పక్కన పడుకున్నాయి. పిస్టన్లు పాలగిన్నెలో సలసల కాగాయి. వాల్వులు కోడిగుడ్ల అట్టల్లో వరసగా కూర్చున్నాయి. తలుపు తెరిస్తే వంటిల్లో వర్క్‌షాపో తెలియక, వచ్చిన చుట్టాలు మంచినీళ్ళు కూడా అడక్కుండా లేచి వెళ్ళిపోయారు. చెప్పండి, చుట్టాలు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయే ఇల్లు ఎన్ని జన్మల పుణ్యం చేస్తే దొరుకుతుంది?

మూడోది, నిబ్బరం. ఇంజన్ సగం బిగించాక ఓ గుప్పెడు బోల్టులు మిగిలాయి. మనలాంటివాళ్ళమైతే గుండె జారిపోదూ? డాక్టరుగారు చలించలేదు. "కంపెనీవాడు దండగమారిగా ఎక్కువ పెట్టాడు" అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు! మర్నాడు నాలుగో కాలు ఎక్కడిదో తెలిసి మళ్ళీ అంతా విప్పారనుకోండి. విప్పడం కూడా ప్రాక్టీసే కదా.

అన్నిటికన్నా పెద్ద లాభం, పిల్లల పెంపకం. ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి.

తండ్రీకూతుళ్ళ ప్రాజెక్టులో సగం సగం అనుకున్నారు కదా? పంపకం మొదటి రోజే జరిగిపోయింది. స్పానర్లు, రెంచీలు, సుత్తి, నిర్ణయాలు, కోపం తండ్రికి. లైటు కూతురికి. డాక్టరుగారు జీవితమంతా తల మీద వెలిగే దీపం కింద, కళ్ళు రోగి నోట్లో పెట్టి పనిచేసినవారు. ఆ దీపం ఎక్కణ్ణించి వస్తోందో ఆయన ఏనాడూ తలెత్తి చూసి ఎరగరు. "లైట్" అంటే వెలుగు రావాలి. అంతే.

"లైటు సరిగ్గా పట్టుకో!"

"ఇటు కాదు, నేను చూసేచోటికి!"

"నా మొహమ్మీదికి కాదమ్మా, ఇంజన్ మీదికి!"

"చెయ్యి కదపకు! ఒక్క లైటు పట్టుకోవడం కూడా రాదేమిటి నీకు?"

కారు షెడ్డులోంచి ఈ మాటలు వంటింట్లోకి రోజూ వినిపించేవి. నాన్న చూసే చోటేదో నాన్నకే తెలియనప్పుడు పిల్లకెలా తెలుస్తుంది? లైబ్రేరియనమ్మ గిన్నెలు కడుగుతూ చెవులు రిక్కించి వినేది. ఆవిడ ఎదురుచూసే మాట వేరు. అది ఒక్కసారీ రాలేదు.

"నాన్నా, ఈ ఒక్క బోల్టు నేను బిగించనా?"

"ఇది ఆట కాదు బుడ్డీ. లైటు."

"మరి ఇదెందుకు నాన్నా ఇలా వంకరగా ఉంది?"

"అడ్డప్రశ్నలు వెయ్యకు. లైటు."

అమ్మాయి రోజుకో బోల్టు అడిగేది. తర్వాత వారానికొకటి. తర్వాత అడగడం మానేసింది. చూశారా, ఓర్పు! మీరు ఎన్ని ట్యూషన్లు పెట్టిస్తే మీ పిల్లలకి ఇంత ఓర్పు వస్తుంది?

ఒక సాయంత్రం తల్లి స్కూలు నుంచి వచ్చేసరికి షెడ్డు తలుపు పక్కన నక్కి నిలబడి ఉంది కూతురు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. లోపల డాక్టరుగారు ఇంజన్ మీదికి వంగి పిస్టన్లు దింపుతున్నారు. ఆయన వెనక బకెట్లో తలకిందులుగా నిలబెట్టి ఉంది నేల తుడిచే మాపు. పైకి లేచిన దాని పీచంతా జుట్టు విరబోసుకున్న పిల్లలా ఉంది. మెడ దగ్గర బుడ్డి తన హెయిర్‌బ్యాండుతో టార్చి కట్టింది.

"లైటు కాస్త ఎడమకి," అన్నారు డాక్టరుగారు.

మాపు కదల్లేదు. "చెప్పిన మాట వినవు కదా" అని గొణుక్కుని ఆయనే కుడికి జరిగారు.

తల్లికి పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. కూతురు 'ష్' అంది. నాన్న ఇప్పుడు వెనక్కి తిరుగుతాడు, చూసి నవ్వుతాడు, 'ఓసి గడుగ్గాయీ' అంటాడు. దానికోసమే ఆ పిల్ల కాచుకుని ఉంది. ఆయన పిస్టన్ అందుకున్నారు. గుడ్డ అందుకున్నారు. నూనె డబ్బా అందుకున్నారు. వెనక్కి మాత్రం తిరగలేదు. చూస్తూ చూస్తూ ఉండగానే కూతురి మొహంలో నవ్వు ఆరిపోయింది. బంతి తీసుకుని గ్రౌండ్‌కి వాలీబాల్ ఆడుకోడానికి వెళ్ళిపోయింది.

తల్లి నోరు విప్పి చెప్పొచ్చు కదా అంటారా? చెప్పేదే. కానీ ఆవిడకి ఒళ్ళు మండింది. 'ఈయనకెప్పుడు తెలుస్తుందో నేనూ చూస్తాను' అనుకుంది. చూస్తూనే ఉంది. మర్నాడు మాపే. ఆ మర్నాడూ మాపే. ఇల్లు తుడుచుకోడానికి ఆవిడ కొత్త మాపు కొనుక్కుంది.

ప్రాజెక్టు మాత్రం దివ్యంగా సాగింది! డాక్టరుగారు క్లినిక్‌కి వచ్చినవాళ్ళందరికీ, వాళ్ళు నోరు తెరిచి జవాబు చెప్పలేని స్థితిలో ఉండగా, తండ్రీకూతుళ్ళ అనుబంధం గురించి ఉపన్యాసాలిచ్చారు. ఇంట్లో భార్యతో కూడా చెప్పుకుని మురిసిపోయారు.

"బుడ్డి ఎంత మారిందో చూశావా? ఇదివరకు ఒకటే వసపిట్ట. ఇప్పుడు ప్రశ్నల్లేవు, విసుగు లేదు. నాతో గడుపుతోంది కదా, ఆ ప్రభావం!"

"ఔనండీ," అంది ఆవిడ. "మీ పోలికే వచ్చేసింది. బొత్తిగా ఉలకదు, పలకదు."

చివరికి ఇంజన్ పూర్తయ్యే రోజు రానే వచ్చింది. పై మూత పెట్టారు. బోల్టులన్నీ బిగించారు, ఒక్కటి తప్ప. తల్లి కాఫీ కప్పుతో షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. డాక్టరుగారు నడుం మీద చెయ్యి వేసుకుని, ఇంజన్ మీంచి చూపు తిప్పకుండా, ఎన్నడూ లేనంత మెత్తగా అన్నారు.

"శభాష్ బుడ్డీ! ఈమధ్య ఎంత బాగా పట్టుకుంటున్నావమ్మా. చెయ్యి ఇసుమంతైనా కదలడం లేదు. నువ్వు లేకపోతే ఈ పని అయ్యేదా చెప్పు? ఇదుగో, ఈ ఆఖరి బోల్టు నువ్వే బిగించాలి."

అని స్పానర్‌ని భుజం మీంచి వెనక్కి చాచారు.

ఆ మాట కోసం తల్లి ఎన్ని సాయంత్రాలు చెవులు రిక్కించింది! తీరా వచ్చి అది ఎవరి చెవిన పడింది?

ఆయన కాసేపు అలాగే చాచి ఉంచి స్పానర్ వదిలేశారు. అది ఖంగుమని నేల మీద పడింది.

"అది కూడా పట్టుకోలేవా!" అంటూ విసుగ్గా వెనక్కి తిరిగారు.

మాపు ఆయన్ని చూసింది. ఆయన మాపుని చూశారు.

"బుడ్డి ఏదీ?"

"ఆడుకోడానికి వెళ్ళిందండీ."

"ఎప్పుడు?"

"మీరు పిస్టన్లు దింపుతున్నప్పుడు," అంది ఆవిడ.

పిస్టన్లు దింపి ఎంతకాలమైందో లెక్కేసుకోడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది. లెక్క తేలాక మాత్రం పక్కనున్న స్టూలు మీద కూలబడిపోయారు. ఆవిడకి జాలేసింది. కోపం మాత్రం పోలేదు. కాఫీ అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పూట డాక్టరుగారు ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు. చేతులు కడుక్కుని, ఆ బోల్టూ, తళతళా తుడిచిన స్పానరూ పట్టుకెళ్ళి భోజనాల బల్ల మీద కూతురి స్థలంలో పెట్టారు. ఎదురుగా కూర్చుని, క్లినిక్ బయట వంతు కోసం కాచుకున్నవాళ్ళలాగా కాచుకున్నారు. బుడ్డి వచ్చింది. మోకాళ్ళకి మట్టి, మొహం నిండా చెమట, ఏదో గెలిచినట్టుంది, కళ్ళు మెరుస్తున్నాయి.

"నాన్నా, ఇవి కాస్త తీసెయ్యవా? ప్లేటు పెట్టుకోవాలి."

ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే ఆయన బతిమాలుకునేవారు. అలకుంటే తీర్చేవారు. ఏమీ లేనిదానికి ఏం చేస్తారు? బోల్టూ స్పానరూ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరిమీద గెలిచిందో అడగాలని కూడా తోచలేదాయనకి. తల్లి అడిగింది. పిల్ల తల్లికే చెప్పింది.

కాబట్టి పాఠకులారా, నా మాట మీదే నేనున్నాను. ఇంట్లో విప్పిన ఇంజన్ ఉండి తీరాలి. రేపే విప్పండి. పిల్లల్ని పక్కకి పిలవండి. కాకపోతే చిన్న సవరణ. స్పానర్ వాళ్ళ చేతికిచ్చి, లైటు మీరు పట్టుకోండి.

సరిగ్గా, వాళ్ళు చూసేచోటికి. చెయ్యి కదిలిందో, జాగ్రత్త!