నలభయ్యో రోజున కరిగిన పట్టు

ఆ రోజు పొద్దున పట్టుపురుగు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి ల్యాబ్‌కి వెళ్ళాలి. ఉప్పునీళ్ళ గాజుగిన్నెలోంచి నలభై రోజులుగా నానుతున్న పొరను తీయాలి. పదకొండింటికి వచ్చే డాక్టరమ్మ చేతిలో పెట్టాలి. డాక్టరమ్మది కాలిన గాయాల వార్డు. ఆవిడకు పొర నచ్చితే వార్డులో వాడి చూస్తారు. నచ్చకపోతే పట్టుపురుగు నాలుగేళ్ళ థీసిస్ అటకెక్కుతుంది.

పట్టుపురుగు అంటే పురుగు కాదు, పరిశోధక విద్యార్థిని. ఒకసారి ల్యాబ్‌లో దూరితే బయటికి రాదని సీనియర్ పెట్టిన పేరది. ఆమెకు కోపం రాలేదు, పురుగంటే గౌరవం కాబట్టి. పొయ్యి లేకుండా, ఫ్యాక్టరీ లేకుండా, నాలుగు ఆకులు నమిలి నోట్లోంచి కిలోమీటరు దారం తీసే జీవి ముందు తన డిగ్రీలు ఏపాటివి? ఆ దారానికున్న జిగురును ఉడికించి వదిలించి, మిగిలిన ప్రొటీన్‌ను కరిగించి పల్చగా ఆరబెడితే ఉల్లిపొరలాంటి పొర వస్తుంది. గాయం మీద వేస్తే కింద కొత్త చర్మం వచ్చేదాకా కాపలా కాసి, ఆ తర్వాత మెల్లగా కరిగి ఒంట్లో కలిసిపోవాలి. లేచి వెళ్ళాల్సిన వేళ తెలిసిన చుట్టం అన్నమాట.

కరిగించే ఎంజైము పోసిన గిన్నెల్లో పొరలు లెక్క ప్రకారమే కరుగుతున్నాయి. ఎంజైము లేని ఉప్పునీళ్ళ గిన్నెలోది మాత్రం పిసరంత కూడా తగ్గకూడదు. నిన్నటిదాకా తగ్గలేదు కూడా.

ఎనిమిదీ పదికి చూస్తే అందులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. దీపం కింద పెట్టి చూసింది, పటకారుతో దేవింది, చివరికి వడగట్టింది.

"అన్నా, పొర కరిగిపోయింది" అంది సీనియర్‌తో.

కనబడట్లేదు అనాల్సింది. ఆ తొందరపాటే కొంప ముంచింది.

సీనియర్ మంచివాడే గానీ రెండు చుక్కలు కనిపిస్తే గీత గీయకుండా ఉండలేడు. ముప్పై తొమ్మిది రోజులు బల్లపరుపుగా నడిచిన గీత, నలభయ్యో రోజున నూతిలో దూకినట్టు సున్నాకు పడింది. ఆ గ్రాఫు చూసి వాళ్ళ గైడు సార్ కుర్చీలోంచి లేచారు. ఎంజైముతో పనిలేకుండా, గడువు రాగానే తనంతట తాను కరిగే పట్టు.

"ముప్పయ్యేళ్ళుగా దీనికోసమే చూస్తున్నానమ్మా" అన్నారు.

ఆయన కళ్ళలో నీళ్ళు చూశాక, నేనే పారబోశానేమో అన్న మాట ఆమె నోట్లోంచి రాలేదు. తొమ్మిదిన్నరకు ఆ కొత్త పట్టుకు పేరు పెట్టారు. పదింటికి డైరెక్టరుగారికి ఫోను వెళ్ళింది. పదిన్నరకల్లా స్లైడ్లన్నీ మారిపోయాయి. 'పట్టుకు కాలజ్ఞానం ఉందా?' అన్నది మొదటి స్లైడు. ఈ లోపల పట్టుపురుగు చెత్తబుట్ట బోర్లించింది, బల్లల కింద పాకింది, సింకు గొట్టంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది.

డాక్టరమ్మ వచ్చి అన్ని స్లైడ్లూ ఓపికగా చూసింది.

"ఒక్క రోజులో మొత్తం మాయమైతే, అప్పటికింకా మానని పుండు మీద ఏముంటుంది సార్?"

సార్ స్లైడు వైపు చూశారు. సీనియర్ సార్ వైపు చూశాడు. తర్వాత ఇద్దరూ కలిసి పట్టుపురుగు వైపు చూశారు. ఇప్పుడు ఊరుకుంటే అబద్ధం వార్డుదాకా వెళ్తుంది, నోరు తెరిస్తే థీసిస్ ఇక్కడే ఆగుతుంది. ఆమె లేచి నిలబడింది.

"అది కరగలేదు మేడం. నేను పోగొట్టాను. కరిగిందని తొందరపడి చెప్పిందీ నేనే. సార్ తప్పేం లేదు."

డాక్టరమ్మ ఆ మాటలు విన్నదో లేదో తెలియలేదు. "ముందు ఆ చెయ్యి ఇలా పెట్టు" అంది.

ముంజేతి లోపలివైపు తపాలాబిళ్ళంత మేర చర్మం నున్నగా మెరుస్తోంది. డాక్టరమ్మ గోటితో అంచు లేపబోతే లేవలేదు. సంగతి అప్పుడు అర్థమైంది. గిన్నె మూతకు పట్టిన తడికి పొర అతుక్కుని పైకొచ్చింది. టిష్యూతో తుడిస్తే నూగు రాలి తూకం చెడుతుందని ఆ ల్యాబ్‌లో అందరూ మూతల్ని ముంజేతికే తుడుచుకుంటారు. ఆ పద్ధతి నేర్పింది సారే.

డాక్టరమ్మ ఆ చేతిని సబ్బుతో కడిగింది, మెలితిప్పింది, గిల్లింది. పొర కదల్లేదు.

"దురదేమైనా ఉందా?"

"లేదు మేడం."

"లాగినట్టు?"

"లేదండీ."

"మూడు గంటల నుంచి ఒంటి మీదుంటే తెలీలేదా నీకు?"

"దీన్నే వెతుకుతున్నాను మేడం."

డాక్టరమ్మ చాలాసేపు నవ్వింది. తన వార్డులో కట్టు కట్టిన పావుగంటకే పీకెయ్యమని గోల పెడతారట.

"ఇది నాకు కావాలి. ఆ కాలజ్ఞానం మాత్రం మీరే ఉంచుకోండి సార్."

సార్ స్లైడ్లు ఆపేశారు. చిన్నబుచ్చుకున్నారేమో అనుకుంటే, భూతద్దం తెచ్చి శిష్యురాలి చేతిని పొద్దుటి గ్రాఫుకన్నా ఎక్కువ మురిపెంగా చూడసాగారు. పొర ఎక్కడ మొదలవుతోందో, చర్మం ఎక్కడ ఆగుతోందో ఆయనకే తెలియలేదు.

సాయంత్రం సీనియర్ నివేదిక రాశాడు: "పొర వాడినవారు: ఒకరు. ఫిర్యాదులు: లేవు. వాడుతున్నట్టు ఆ మనిషికి తెలుసా: తెలీదు."