పన్నెండు ములుకులు, ఒక పూలకుండీ

ఆ ఉదయానికి సర్వేయరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు మ్యూజియం అధికారిణి వస్తుంది. బల్లమీద నల్లగుడ్డ పరిచి పేర్చిన పన్నెండు రాతి ములుకులనూ చూస్తుంది. అసలైనవేనని కాగితం రాసిచ్చి వెళ్తుంది. ఇరవై రెండేళ్లపాటు గొలుసు పట్టుకుని పొలాలు కొలుస్తూ, దున్నిన చాళ్లలో వంగి వంగి ఆయన ఏరుకున్న బాణపు మొనలు అవి. ఇనుమంటే తెలియని రోజుల్లో ఎవరో వేటగాళ్లు చెక్కుకున్నవి.

ఆ కాగితానికి ఇంట్లో ముందుగది ముడిపడి ఉంది. గదిలో రాళ్లుంటాయి. వరండాలో, వానజల్లు కొట్టేచోట, భార్య కుట్టుమిషను ఉంటుంది. "వాటిలో ఒక్కటి నకిలీదని తేలినా గది నాది," అని ఆవిడ నెల కిందటే మాట తీసుకుంది.

తొమ్మిదింటికి బావమరిది వచ్చాడు. చేతులు ఊరుకోని మనిషి. పన్నెండింటిలోకీ పెద్దదాన్ని తీసి బొటనవేలి మీద గీసి చూశాడు.

"దీంతో ఉల్లిపాయ కూడా తెగదు బావా!"

"కింద పెట్టరా!" అని అక్క లోపల్నుంచి ఒక్క కేక వేసింది.

పెట్టాడు. బల్లమీద కాదు, గచ్చుమీద. గోరంత కొస విరిగి విడిగా పడింది.

సర్వేయరుగారు గచ్చుమీద వంగి ఆ కొసను ఏరుకున్నారు. భార్యే చెప్పులు అతికించే జిగురు తెచ్చి, రెండు ముక్కలూ కలిపి నొక్కి పట్టుకుంది. అతుకు దగ్గర సన్నగా మెరుపు తేలింది.

"ఆవిడ భూతద్దం పెడితే ఇదే ముందు కనబడుతుంది," అన్నారాయన నీరసంగా.

"కాస్త మట్టి పూయండి బావా. ఇన్నాళ్లూ మట్టిలో ఉన్నదేగా!"

వరండాలో పూలకుండీ చేతికందింది. పూశారు. ఇప్పుడు పదకొండు నిగనిగలాడుతున్నాయి, పన్నెండోది బురదలో పొర్లిన గేదెలా ఉంది.

"అన్నిటికీ పూసేస్తే పోలా?" అన్నాడు బావమరిది.

గడియారం తొమ్మిదిన్నర చూపిస్తూంటే సర్వేయరుగారికి అది తెలివైన మాటలాగే తోచింది. తీరా పూశాక తడి ఆరలేదు. భార్య మిషను మీదున్న నీలంగుడ్డ కప్పి, పన్నెండింటి మీదా ఇస్త్రీపెట్టె నడిపింది.

గుడ్డ తీస్తుండగానే అధికారిణి గుమ్మంలో ఉంది, పావుగంట ముందే. మాటలు తక్కువ మనిషి. మంచినీళ్లు తాగి, భూతద్దం తీసి, ఒక్కొక్కదాన్నే తిప్పి తిప్పి చూసింది.

"సర్వేయరుగారూ, ఇవి ఏ కాలానివంటారు?"

"తక్కువలో తక్కువ నాలుగువేల ఏళ్లుంటాయండీ."

"అప్పట్లో యూరియా వేసేవాళ్లా?" అంటూ ఆవిడ సూదిమొనతో తెల్లటి గుళిక ఒకటి బయటికి లాగింది. రెండోదాంట్లోంచి నీలం దారప్పోగు లాగింది. "కొత్తగా చెక్కి, మట్టి పూసి, కాల్చి తెచ్చేవాళ్లను వారానికి ఇద్దర్ని చూస్తున్నాను. మీరు ఆ కోవ మనిషనుకోలేదు."

భూతద్దం సంచిలోకి వెళ్లిపోయింది. సర్వేయరుగారు తలొంచుకున్నారు. బావమరిది కిటికీలోంచి వీధిని శ్రద్ధగా చూడసాగాడు.

భార్య నోరు మూసుకుని ఉంటే చాలు, ముందుగది ఆవిడదే. మిషను ఎక్కడ వేయాలో కూడా ఎప్పుడో చూసి పెట్టుకుంది. ఒకసారి ఆ మూలకేసి చూసింది, మరోసారి మొగుడి మెడకేసి చూసింది.

"ఆయన్ననకండమ్మా," అంది. "మట్టి మా కుండీది. గుడ్డ నాది, ఇస్త్రీ నాది. విరగ్గొట్టింది మా తమ్ముడు, అతికించింది నేను. ఆయనకు ఆ రాళ్లు ఏరుకోవడం తప్ప ఏదీ చేతకాదు."

"విరిగిందా? ఏదీ?"

ఇస్త్రీ వేడికి జిగురు పట్టనే లేదు. కొస ఇట్టే ఊడొచ్చింది. అధికారిణి విరుపును వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది.

"లోపల బూడిదరంగు. చుట్టూ గోధుమరంగు పొర, అన్నివైపులా ఒకే మందం. రాయి వేల ఏళ్లు మట్టిలో ఉంటే పట్టే తోలు ఇది. పూస్తే రాదు. ఇది అసలైనదే!"

సర్వేయరుగారు తల ఎత్తారు. "మరి మిగతావండీ?"

"కావచ్చు. కానీ బురద పూసి ఇస్త్రీ చేసినవాటిని పైపైన చూసి నేను సంతకం పెట్టలేను. లోపల కనబడాలి."

"దాందేముంది బావా, ఇలా ఇవ్వండి," అంటూ బావమరిది చొక్కాచేతులు పైకి మడిచాడు. సర్వేయరుగారు పదకొండింటినీ గుడ్డతోసహా ఒళ్లోకి లాగేసుకున్నారు.

ఆ పదకొండూ నకిలీవని తేలలేదు, అసలైనవనీ తేలలేదు; గది ఇద్దరిదీ అయింది. సాయంత్రానికల్లా మిషను ముందుగదిలోకి వచ్చింది, ములుకులు దాని సొరుగులో దారపుండల పక్కన చేరాయి. పన్నెండోది మ్యూజియం అద్దాలబీరువాకెక్కింది. పక్కన పెట్టిన కాగితంలో, ఇరవై రెండేళ్లు వంగి ఏరినాయన పేరు ఒక్క వరుసలో సరిపోయింది. "విరుపు: ఎవరివల్ల, ఎప్పుడు, ఎలా" అన్న గడిలో బావమరిదికి మాత్రం నాలుగు వరుసలు పట్టాయి.