కెమెరా కంఠోద్ధరణము అను రెండో కాఫీ విజయము

సమస్త లోకాలనూ రెప్ప వాల్చకుండా చూస్తున్నా, చూసిన ప్రతిదానికీ ఫోన్ చేసి నిలదీయని పరమదయామయుడైన సర్వసాక్షికి ముందుగా నమస్కరించి, ఆదివారమనే పుణ్యదినాన, పదిగంటల శుభవేళ, మూడో అంతస్తులోని రెండు గదుల వాటాలో, పాత దుప్పటి పరిచిన రణక్షేత్రాన, ఒక మానవుడికీ ఒక ప్లాస్టిక్ చక్రానికీ జరిగిన ఘోర సంగ్రామాన్ని చెబుతున్నాను, వినండి.

ఆ యుద్ధనాయకుడు సామాన్యుడు కాడు. చిల్లుల బనీను వజ్రకవచంగా, ముక్కు కొసకు జారిన కళ్లద్దాలు దివ్యదృష్టిగా, జానెడు స్క్రూడ్రైవరు గదాదండంగా ధరించినవాడు. ఆఫీసులో ఆరుగురిని అదలించే పెద్ద గుమాస్తా. గడియారాంతకుడు, మిక్సీమర్దనుడు, ఇస్త్రీపెట్టె ప్రాణాపహారి అనే బిరుదులు అదివరకే గడించినవాడు. ఆయన విప్పి బిగించిన గోడగడియారం ఈనాటికీ రోజుకు నలభై నిమిషాలు వెనకబడుతూ ఆయన కీర్తిని చాటుతూనే ఉంది.

శత్రువు, అరచేతిలో ఇమిడే తెల్లటి కెమెరా. ముందుగది మూలన పలక మీద కూర్చుని, మోటారు మెడను అటూ ఇటూ తిప్పుతూ గుమ్మాన్నీ, బీరువానీ, తలుపు లేని వంటింటినీ చూసే ఏకాక్షి. దొంగల కోసమని కొన్నారు. మూడు నెలలైనా ఒక్క దొంగా రాలేదు. పనిలేని ఆ కన్నూ, ఆఫీసులో కూర్చుని ఆ కన్నులోంచి ఫోనులో చూసే పెద్ద గుమాస్తా రెండు కళ్లూ కలిసి ఇల్లాలి మీద పడ్డాయి. "పాలు పొంగుతున్నాయి చూడు" అని ఒక ఫోను. "కుళాయి కారుతోంది, గట్టిగా కట్టు" అని ఒక ఫోను. అన్నిటికన్నా దారుణంగా, సరిగ్గా పదకొండు గంటలకు, "అది రెండో కాఫీయా?" అని ఒక ఫోను.

ఆ రెండో కాఫీ ఏ పాటిదనుకున్నారు? ఐదింటికి లేచి, దేవుడికి దీపం పెట్టి, వంట చేసి, డబ్బా కట్టి మొగుణ్ణి సాగనంపి, గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, వంటింటి స్టూలు మీద కాళ్లు చాపుకుని అత్తగారితో కలిసి తాగే ఒక్క గ్లాసు. రోజంతటిలో ఆమెది అనదగ్గది ఆ పావుగంటే. దొంగల కోసం పెట్టిన కన్ను ఇంటివాళ్ల గ్లాసులు లెక్కపెట్టడం ఏ ధర్మం కిందికి వస్తుందో, పెద్దలెవరైనా చెబితే వినాలని ఉంది.

చెప్పేవాళ్లు దొరకక ఇల్లాలే తీర్పు చెప్పింది. వారం రోజులుగా పదకొండింటికి, కన్ను అటు తిరిగినప్పుడు, గరిటె కాడతో కెమెరా మెడను గోడవైపుకు తోస్తూ, ఫోనొస్తే "అదే తిరిగిందండీ" అంటూ వచ్చింది. శనివారం నాడు ఆ మెడ కటుక్కుమంది. ఇక అప్పటినుంచి అది ముఖం గోడకు పెట్టి, కర్ర్ కర్ర్ మని పళ్లు నూరుతూ ఉండిపోయింది.

"మెకానిక్‌ని పిలవరా నాయనా" అంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా.

పెద్ద గుమాస్తా స్క్రూడ్రైవరు పైకెత్తి గర్జించాడు. "మెకానిక్కా? ఈ కొంపలోకా? నేను బతికుండగానా? అమ్మా, ఈ చేతులు చూశావా! ఈ చేతులు విప్పలేని మర ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు!"

"విప్పలేనిది లేదులే. బిగించలేనివే బోలెడు."

ఆ మాట వినని చెవులు ఆయనవి. అడుగున రబ్బరు బిళ్లల కింద దాగిన నాలుగు స్క్రూలను ఒక్కొక్కటిగా పెకలించాడు. మూత ఊడింది. ఊడడంతోనే లోపల పొంచి ఉన్న స్ప్రింగు ఒకటి టింగుమని ఎగిరి బీరువా కిందికి పారిపోయింది. ఆఫీసులో ఎవరి కుర్చీ ముందూ వంగని ఆ మహావీరుడు బోర్లా పడుకుని, చీపురు పుల్లతో, చెంప నేలకానించి, అరగంట సేపు దాని కోసం దేవులాడాడు. దుమ్ము కొట్టుకున్న మీసంతో విజయుడై లేచాడు.

వంటింటి గుమ్మంలో పిండి కలుపుతున్న ఇల్లాలు మాత్రం ఆ స్క్రూడ్రైవరు మీదినుంచి చూపు తిప్పడం లేదు. మెడ బాగుపడితే పావుగంట పోతుంది. ఎందుకు విరిగిందో తెలిస్తే పరువూ పోతుంది.

"ఇదేమిటిది?" అన్నాడాయన, మెడభాగం కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని. "తెల్లగా ఏదో అంటుకుంది. పిండిలా ఉందే!"

ఇల్లాలి చెయ్యి పిండిలోనే ఆగిపోయింది.

"గోడ సున్నంరా" అంది అత్తగారు తాపీగా. "గోడకేసి రాసుకుంటూ కూర్చుంటే సున్నం కాక గంధం అంటుతుందా?"

ఇల్లాలు ఆ ముసలమ్మకు మనసులోనే సాష్టాంగపడింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అంతటి భక్తి ఆమెకు ఎన్నడూ కలగలేదు.

తీగలు పక్కకు తొలగించగా చివరికి శత్రుహృదయం బయటపడింది. మెడను తిప్పే పళ్లచక్రం. అందులో ఒకేచోట మూడు పళ్లు రాలిపోయి ఉన్నాయి. మోటారు అక్కడికి వచ్చి పట్టు దొరకక జారిపోతోంది. పెద్ద గుమాస్తా నుదురు చిట్లించి ఆలోచించాడు. నిజం చెప్పాలంటే, ఈసారి ఆలోచన మంచిదే.

"చక్రాన్ని కాస్త తిప్పి బిగిస్తే ఈ బోసి భాగం ఒక పక్కకు పోతుంది. ఆ పక్క తప్ప మిగతా ఇల్లంతా కనబడుతుంది. ఏ పక్కకు పెట్టను? గుమ్మం వైపా, బీరువా వైపా, వంటింటి వైపా?"

ఇల్లాలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గొంతులో దిగులు నింపుకుంది. "గుమ్మం వైపు పెట్టేయండి. దొంగలే కదా, వస్తే వస్తారు. వంటింటి వైపు మాత్రం వద్దండీ. మీరు చూసి చెప్పకపోతే నాకు పాలు పొంగేది ఎలా తెలుస్తుంది?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని ఆయన పకపకా నవ్వాడు. "గుమ్మం వదిలేసి వంటింటికి కాపలానా? అక్కడ దోచుకుపోవడానికి ఏముంది, నువ్వు తప్ప?"

"అది కాదండీ..."

"నువ్వు మాట్లాడకు. యంత్రాల సంగతి నీకేం తెలుసు!"

"వాడికి అడ్డు చెప్పకమ్మా. చదువుకున్నవాడు" అంది అత్తగారు.

చక్రం తిరిగింది. స్ప్రింగు ఒదిగింది. నాలుగు స్క్రూలూ బిగిశాయి. కెమెరా మెడ మెల్లగా కదిలి గుమ్మాన్ని చూసింది, బీరువాను చూసింది, వంటింటి అంచుదాకా వచ్చి కర్ర్ మని సిగ్గుపడి వెనక్కి తిరిగింది. పెద్ద గుమాస్తా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, లోకాలను జయించినవాడిలా నిలబడ్డాడు. "చూశారా! తిరిగింది!"

"తిరిగింది నాయనా. ముందు ఆ మీసం కడుక్కో" అంది తల్లి.

మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగింది.

"ఏం చేస్తున్నావు? ఎక్కడా కనబడవేం?"

"వంటింట్లో ఉన్నానండీ."

"పాలు పొంగాయా?"

"ఏమోనండీ. కెమెరాలో చూసి మీరే చెప్పాలి."

ఫోన్ పెట్టేసి, స్టూలు మీద కాళ్లు చాపుకుని, ఇల్లాలు గ్లాసు ఎత్తింది. ఎదుట అత్తగారు తన గ్లాసు ఎత్తింది. స్క్రూడ్రైవరు పట్టకుండా, ఒక్క మరైనా విప్పకుండా వాళ్లు గెలిచిన రాజ్యం ఒక పావుగంట పొడవు, ఒక స్టూలు వెడల్పు.

ఈ గాథను శ్రద్ధగా విన్నవారి ఇళ్లలో కాఫీ చల్లారకుండు గాక. పాలు పొంగినప్పుడు ఫోన్ మోగకుండు గాక.