మొగిలి నోరు, కాలనీ కరెంటు

కథలు ఎక్కడ చెప్పాలి, ఎవరికి చెప్పాలి అనే గంభీర సమస్యను తేల్చడానికి డెబ్బై ఆరో సంవత్సరంలో గోదావరిఖనిలో ఒక కమిటీ ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అంతవరకు జనం ఎక్కడపడితే అక్కడ, ఎవరికిపడితే వాళ్లకు కథలు చెప్పుకునేవారు. ఇక దేశం ఎలా బాగుపడుతుంది?

ఈ అరాచకానికి మూలపురుషుడు బొగ్గు నింపే మొగిలి. బొగ్గుబాయిలో మందు పేల్చాక పొగ పోయేదాకా అందరూ దూరంగా కూర్చోవాలి. టోపీ దీపాలు ఆర్పుకుని కూర్చుంటే, ఆ చీకట్లో మొగిలి కథ ఎత్తుకునేవాడు. రాక్షసుణ్ని అత్తగారు పెట్టే బాధలు విని జనం కడుపులు పట్టుకునేవారు. పొగ పోయేది గానీ మనుషులు లేచేవారు కాదు.

వెల్ఫేర్ ఆఫీసరు లింగమూర్తి గారు దయామయులు. మొగిలిని శిక్షించలేదు. "హైదరాబాదు నుంచి పెద్దదొర వస్తున్నారు. వారి ముందు, తగిన స్థలంలో, తగిన శ్రోతలకు కథ చెప్పు. నీకు బాయి పైన పని ఇప్పిస్తాను" అన్నారు.

మొగిలి మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి. బాయి దిగడం ఇక అతని వల్ల కాదు. భార్య సారవ్వ తేల్చి చెప్పింది: "చెప్పినవా, పైన పని దొరుకుతది. చెప్పకపోతివా, నువ్వే పైకి పోతవ్."

సాధన కోసం కమిటీ మొదట క్యాంటీనును ఎంపిక చేసింది. మొగిలి నిలబడ్డాడు. అన్ని కళ్లూ తనవైపే ఉండడం చూసి నోరు తెరిచాడు, ఒక మిరపకాయ బజ్జీ అందులో పెట్టుకుని దిగిపోయాడు. తప్పు శ్రోతలదేనని కమిటీ తీర్మానించింది. ఈసారి దవాఖానలో కాళ్లకు కట్లు కట్టినవాళ్లను ఎంచుకుంది. వాళ్లు లేచి పోలేరు కదా! మొగిలే లేచి పోయాడు.

"మొఖాలు కనబడితే కథ యాదికి రాదు దొరా. చీకటుండాలె."

కళ్లు మూసుకుని చెప్పమన్నారు. మూసుకున్నాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చాడేమో, గురక మొదలైంది.

స్విచ్చి ఆర్పితే పోలేదా అని మీరడగవచ్చు. పెద్దదొర కూర్చున్న గదిలో దీపం ఆర్పే అధికారం కమిటీలో ఎవరికీ లేదు. అదే కరెంటు దానంతటది పోతే ఎవరి తప్పూ కాదు. కాలనీలో రోజూ దీపాలు పెట్టే వేళకు కరెంటు పోతుంది కాబట్టి, ఆ వేళకే క్లబ్బులో సభ పెట్టారు.

ఆ రోజు కరెంటు పోలేదు. పెద్దదొర చాలాసేపు మొగిలిని చూశారు, మొగిలి బల్బును చూశాడు. చివరికి కథ వాయిదా పడింది.

మరునాడూ కరెంటు పోలేదు. ఆ మరునాడూ పోలేదు. జనం భయపడి లైన్‌మన్ కుతుబుద్దీన్‌ను పట్టుకున్నారు.

"మాకు ఆర్డరుంది భాయ్. కథ ప్రోగ్రాం ఖతం అయ్యేదాకా కరెంటు తియ్యొద్దు. మీ మొగిలి చెప్తనే లేడాయె, నేనేం జెయ్యాలె?"

కాలనీకి ఒక్కసారిగా జ్ఞానోదయమైంది. అప్పటిదాకా "చెప్పు మొగిలన్నా" అని వెంటపడినవాళ్లే "నీ కాళ్లు మొక్కుత, చెప్పకే అన్నా" అని మొదలుపెట్టారు. లింగమూర్తి గారు వెంటనే పైన పని మంజూరు చేశారు. రోజూ సాయంత్రం క్లబ్బు వేదిక మీద కూర్చోవడం, కథ చెప్పకపోవడం అతని డ్యూటీ.

మోకాళ్లు నెమ్మదించాయి. కడుపులో కథ మాత్రం ఉబ్బింది. ఒకనాడు ఇంట్లో ఉండబట్టలేక, "సారవ్వా, ఆ రాక్షసుని అత్త ఏం జేసిందో ఎరికేనా..." అన్నాడు.

"ఊకో! ఫ్యాను తిరుగుతున్నది కనబడ్తలేదా?" అంది సారవ్వ.

ఆ ఏడు ఉత్తమ కథకుడిగా మొగిలికి శాలువా కప్పారు. "మాట్లాడని కళాకారుడే సమాజానికి వెలుగు" అని లింగమూర్తి గారు ఉపన్యసించగా జనం చప్పట్లు కొట్టారు. మొగిలి లేచి దండం పెట్టబోతే, ఏం చెప్తాడోనని నలుగురు కలిసి కూర్చోబెట్టారు.

పాఠక మహాశయులారా, మీ ఇంట్లో ఇప్పుడు దీపం వెలుగుతోందా? ఎవరు నోరు మూసుకుని కూర్చున్నారో ఒకసారి చూసుకోండి. అడగకండి మరి, వాళ్లు చెప్పినా చెప్పేస్తారు.