బ్రహ్మయ్య గారి ముప్పై ఎనిమిది లోడ్లు

సోమవారం పొద్దున ఎనిమిదింటికి నరసరావుపేట శివారు పత్తి మిల్లు గేటు తెరవాలి. టోకెన్ల వరుసలో లోడ్లు లోపలికి రావాలి. సుప్రజ అనుకున్నది అంతే. ఆ ఆన్‌లైన్ టోకెన్ల సర్వీసు మొత్తం ఆమె ఒంటిచేత్తో రాసింది. మొదటి రోజే తేడా వస్తే మళ్లీ కాగితం చీటీలేనని ఓనరు శ్రీనివాసరావు ముందే తేల్చి చెప్పాడు.

తేడా ఎందుకొస్తుంది? డెవలపర్లు పాటించాల్సిన జాగ్రత్తలన్నీ అట్ట మీద రాసి మిల్లు ఆఫీసు గోడకు తగిలించుకున్న పిల్ల ఆమె. మొదటి జాగ్రత్త: ఒక ఫోను నంబరుకు ఒక్క మనిషే. అదే నంబరుతో మళ్లీ నమోదైతే కొత్త మనిషిని చేర్చకుండా పాత పేరునే మార్చేలా డేటాబేసుకు నేర్పింది. ఆ ఒక్క లైను చూసుకుని వారం రోజులు మురిసిపోయింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఖలందర్ కంప్యూటర్ తెర చూసి కేకేశాడు. "ఒకటో టోకెను, నకరికల్లు బ్రహ్మయ్య!"

అందరికంటే చివర నమోదై, ఆటోలో రెండు బోరాల పత్తి తెచ్చుకున్న బ్రహ్మయ్య అదృష్టానికి పొంగిపోయి లోపలికొచ్చాడు.

"రెండో టోకెను, బ్రహ్మయ్య! మూడు, బ్రహ్మయ్య!"

పదో టోకెనుకు ఖలందర్ గొంతులో 'గారు' చేరింది. ఇరవైకి శ్రీనివాసరావు స్వయంగా కుర్చీ తెచ్చి వేశాడు, టీ తెప్పించాడు. బయట ట్రాక్టర్లు రోడ్డు దాకా బారులు తీరాయి. అందరికంటే ముందున్న యల్లమంద బండి దిగాడు.

"నా పత్తి మీద ఆయన పేరేంది?"

"కంప్యూటర్ చెప్తంది బాబాయ్, నేనేం చేసేది?" అన్నాడు ఖలందర్.

బ్రహ్మయ్య మాత్రం రెండో టీ పూర్తిచేశాకే నోరు విప్పాడు. అదీ ముప్పై ఎనిమిది లోడ్లకూ సంతకం పెట్టమన్నప్పుడు.

"అయ్యా, నాది ఎకరం చేను. టీ అంటే మర్యాదకు తాగా. ఊరోళ్ల పత్తి నా పేరున రాయించుకుని ఊళ్లోకి ఎట్టా పొయ్యేది?"

సుప్రజ కంప్యూటర్లో చూసి నీరుగారిపోయింది. టోకెన్లు ముప్పై ఎనిమిది, నంబరు ఒకటే, రైతు ఒక్కడే: చివర నమోదైన బ్రహ్మయ్య.

"అందరూ ఒకే నంబరు ఇచ్చారేంది?"

"మా నకరికల్లు టీ కొట్టు పోలేరమ్మది. ఊళ్లో దేనికైనా అదే ఇస్తాం. మేం చేలో ఉంటే మెసేజి చదివి కబురు చేసేది ఆమేగా. మీ ఓటీపీలూ ఆమే చెప్పింది" అన్నాడు యల్లమంద.

"చీటీలు తెప్పించనా?" అన్నాడు శ్రీనివాసరావు.

"ఒక్క గంట ఇవ్వండి సార్."

వరుసలో అడిగితే ఒకే టోకెను తమదని ఇద్దరేసి అంటున్నారు; అసలు మెసేజీలు వెళ్లింది ఆ ఒక్క నంబరుకే. సుప్రజ దానికే ఫోను చేసింది.

"టోకెను మెసేజీలా? అన్నీ ఉన్నయ్యమ్మా" అంది పోలేరమ్మ. "లోన్లు ఇస్తామనేవి ఎప్పటికప్పుడు చెరిపేస్తా. మనుషుల పేర్లున్నవి ఎట్టా చెరపను? రాసుకో. ఒకటి యల్లమంద, ఆరు బోరాలు. రెండు..."

ఈసారి సుప్రజ ముందుగా డేటాకు నకలు తీసింది. రైతు రైతుకూ వేరే గుర్తింపు నంబరు ఇచ్చి, పోలేరమ్మ చదువుతుంటే పేర్లు ఎక్కించింది. మధ్యలో రెండు సార్లు టీ మరిగి పొంగిందే తప్ప ఒక్క పేరూ తప్పలేదు. పదింటికి యల్లమంద ట్రాక్టరు గేటు దాటింది. రెండింటికి, తన అసలు వంతు వచ్చాక, బ్రహ్మయ్య ఆటో కుర్చీ లేకుండానే తూకానికెళ్లింది. శ్రీనివాసరావు చీటీల కట్ట బీరువాలో పెట్టి తాళం వేశాడు. సుప్రజకు గర్వంతో కళ్లు చెమర్చాయి. అది తన సర్వీసును చూసో, పోలేరమ్మను చూసో ఆమెకే తెలియలేదు.

అట్ట మీద మొదటి జాగ్రత్తను ఆమె కొట్టేస్తుంటే శ్రీనివాసరావు రెండోది చదివాడు.

"బ్యాకప్ ఎప్పుడూ వేరే చోట ఉండాలంట. మనది ఎక్కడుందమ్మా?"

"నకరికల్లులో సార్, టీ కాస్తంది."